పక్క చాప

మా తోడికోడలు ఆవలించడం మానేసి మూడు నెలలైంది. ఒకే ఇంట్లో కింది వాటా మాది, పై వాటా వాళ్ళది. పని కూడా ఒకే షాపులో. కాబట్టి అది ఎప్పుడు ఆవలించిందో, ఎప్పుడు మానేసిందో నాకు తెలియకుండా పోదు.

స్కూలు యూనిఫాంలు కుట్టే ఆ షాపులో కటింగ్ బల్ల పందొమ్మిదేళ్ళుగా నాది. ఆరేళ్ళ కిందట మా తోడికోడల్ని తీసుకెళ్ళి సుద్దముక్క పట్టుకోవడం నేర్పింది నేనే. ఈ ఏడాది ఓనరుగారు కంప్యూటరుతో నడిచే కటింగ్ మిషను తెప్పించారు. దాని మీద ఒక్కరుంటే చాలు. ఇద్దరికీ మూడు నెలలు నేర్పించి, ఆఖరి శనివారం ఇద్దరి చేతా చేయించి చూసి, ఒకరిని ఉంచుతామన్నారు. రెండోవాళ్ళు గుండీల బల్లకి పోవాలి.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అది మాత్రం పొద్దున్నే ఆరింటికి మందుల షాపు మీది హాల్లో యోగాకి వెళ్ళడం మొదలుపెట్టింది. దాని ముఖం ఇస్త్రీ చేసిన కాలరులా నున్నబడింది. మిషను మీద తప్పు మీట నొక్కితే నాకు చెమటలు పట్టేవి. అదేమో ఒకసారి ఊపిరి తీసి వదిలి, మళ్ళీ మొదలుపెట్టేది. అది ఎన్నిసార్లు తప్పు నొక్కిందో నేను లెక్కపెట్టేదాన్ని.

"నువ్వూ రా అక్కా, హాయిగా ఉంటుంది" అంది ఓరోజు.

అది పిలిచిందని కాదు, దాని దగ్గరున్నది నా దగ్గర లేకపోవడం ఏమిటని వెళ్ళాను.

"అందరూ ప్రశాంతత కోసం వెళ్తారు. నువ్వేంటే, కొంగు బిగించి తగూకి బయల్దేరినట్టున్నావు?" అన్నారు మా ఆయన.

"మీరు పేపరు చదువుకోండి" అన్నాను.

యోగా నేర్పే ఆవిడ భారీ మనిషి. ఇదివరకు బస్సు కండక్టరు. ఆ గొంతు ఇంకా పోలేదు. "ముందుకి వంగాలమ్మా, ముందుకి!" అంటుంటే నాకు చిల్లర వెతుక్కోవాలనిపించేది. ఒంటికాలి మీద నిలబడమన్నప్పుడు నేను ఓరకంట పక్క చాప వైపు చూసేదాన్ని. చూసినప్పుడల్లా పడేదాన్ని.

"పక్కవాళ్ళ టిక్కెట్టు నీకెందుకమ్మా? ఎదురుగా గోడకి మేకుంది. దాన్ని చూడు."

మేకులో చూడ్డానికేముంది? పదో రోజు, కూర్చుని ముందుకి వంగినప్పుడు మా తోడికోడలి చేతివేళ్ళు కాలివేళ్ళని దాటి రెండంగుళాలు పోయాయి. నా కళ్ళు టేపు కన్నా కచ్చితం. నేను మూడంగుళాలు పోవాలనుకున్నాను. నడుములో ఏదో కలుక్కుమంది. ఇంటికి అదే పట్టుకుని నడిపించుకొచ్చింది.

సాయంత్రం వేడినీళ్ళ సంచి తెచ్చి నా నడుము కింద పెట్టింది. "గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టుకి అరంగుళం వదలమని నన్నెన్ని తిట్లు తిట్టావు! నీ ఒంటికి వదలవా?"

"నీతులు చెప్పకు."

"నేనెందుకెళ్తున్నాననుకున్నావు అక్కా యోగాకి? నువ్వు పక్కన నిలబడితే నా చెయ్యి వణుకుతుంది. ఇవాళ నిన్న కాదు, ఆరేళ్ళ నుంచీ."

"నేనేమైనా పులినా?"

"పులైతే పారిపోవచ్చు."

నేను జాలిపడాల్సింది. నిజం చెప్పొద్దూ, సంతోషం వేసింది.

ఆ తరవాత నాలుగు రోజులు కండక్టరమ్మ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి తీసి వదలడం తప్ప ఇంకేమీ చేయనివ్వలేదు. అందులో గెలవడానికి ఏమీ లేదు. మొదటి రెండు రోజులు కళ్ళు సగం తెరిచి ఎవరెంత వంగారో కొలుస్తూనే ఉన్నాను. మూడో రోజు కొలవడం మరిచిపోయాను. కాసేపే. ఆ కాసేపూ దవడలు వదులై, భుజాలు నేలకి ఆనాయి. నాలుగో రోజు ఆ కాసేపు కోసమే వెళ్ళాను.

శనివారం వచ్చింది. గళ్ళ చొక్కాల ఆర్డరు, అరవై పొరల గుడ్డ. ముక్కలన్నీ తెర మీద సర్ది, సరిగ్గా ఉంటే మీట నొక్కాలి. నేను ముందు చేశాను. తప్పు లేదు గానీ ముప్పావుగంట పట్టింది. మా తోడికోడలు రెండో గుడ్డకి ఇరవై నిమిషాల్లో సర్దేసింది. పైగా జానెడు గుడ్డ మిగిల్చింది. ఓనరుగారి కనుబొమలు పైకి లేచాయి.

అప్పుడు కనిపించింది నాకు. ఇరుకులో పట్టించడానికి అది జేబు ముక్కని తలకిందులుగా పెట్టింది. ఆ గుడ్డకి ప్రతి గడిలోనూ సన్నటి ఎర్ర గీత ఎడమ పక్కనే ఉండాలి. తెర మీద గళ్ళు కనిపించవు. జేబు తిరగబడితే గీత కుడి పక్కకి పోతుంది. ఓనరుగారికి అది తట్టదు. దాని వేలు మీట మీదికి వెళ్తోంది.

నోరు మూసుకుంటే చాలు, గుండీల బల్ల నాకు తప్పుతుంది. అరవై జేబులు పోయాక అది ఏడుస్తుంది, నేను ఓదారుస్తాను. ఎంత బాగా ఓదారుస్తానో కూడా కళ్ళకి కట్టింది.

బరువంతా కుడికాలి మీదే వేసి బల్లకి ఆనుకుని ఉన్నాను. రెండు కాళ్ళ మీదా నిలబడ్డాను. బిగబట్టిన ఊపిరి వదిలాను. దాంతోపాటే మాటా వచ్చేసింది.

"జేబు తిప్పవే. గీత కుడికి పోతోంది."

అది ఒక్కసారి నా వైపు చూసి, జేబు తిప్పి సర్ది, మీట నొక్కింది. చెయ్యి వణకలేదు.

మిషను దానికే ఇచ్చారు. ఇరవై నిమిషాలెక్కడ, ముప్పావుగంటెక్కడ? జేబు సంగతి ఓనరుగారికి గుర్తున్నా, ఆర్డర్ల తొందర అలాంటిది.

సోమవారం నుంచి గుండీల బల్ల దగ్గరున్నాను. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. మిషను చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ చెవి అటే పోతుంది. కానీ గుండీలు చేతిలోంచి జారడం లేదు. నిద్ర పడుతోంది.

నిన్న పొద్దున ఒంటికాలి మీద నిలబడి మేకునే చూస్తున్నాను. పది లెక్కపెట్టాను, పన్నెండు, పదిహేను. పక్క చాప మీద ధబ్బుమని చప్పుడైంది.

"నవ్వకక్కా!"

నవ్వలేదు. ఒక్కసారి చూద్దామని తల తిప్పానంతే. వెళ్ళి దాని చాప మీదే పడ్డాను.

"ఇద్దరూ ఒకే స్టాపులో దిగారు" అంది కండక్టరమ్మ.