రుయిఫెన్ రజాయి

“రజాయిల్ని ఆరబెట్టేది ఎండ. అందులో నువ్వు చేసే పనేముంది?” అని పెళ్ళైన కొత్తలో భర్త యోంగ్‌షెంగ్ నవ్వుతూ అన్నాడు. చైనాలోని చంగ్దూలో చలికాలపు ఎండ కాసినప్పుడల్లా రుయిఫెన్‌కు ఆ మాట గుర్తొస్తుంది.

ఆ శనివారం, పంతొమ్మిది రోజుల మబ్బు తర్వాత, సూర్యుడు కనిపించాడు. “ఎండొచ్చింది” అని కింద ఎవరో కేక పెట్టగానే ఆరంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి. మెట్ల నిండా చెప్పుల చప్పుడు. తోముతున్న గిన్నె వదిలేసి, తడిచేతులు ఒంటికి తుడుచుకుని, రుయిఫెన్ భర్త రజాయిని చుట్టి భుజాన వేసుకుంది.

“నాది ముందు తీసుకెళ్ళవే, కాళ్ళు చల్లబడుతున్నాయి” అంది అత్తగారు మంచం మీంచి.

“వస్తానత్తయ్యా, ముందు చోటు పట్టుకోనివ్వండి.”

లిఫ్టు లేని ఇల్లు. మెట్లు దిగుతుంటే మనసు ఆమెకంటే ముందే పరుగెత్తింది. అత్తగారిది పట్టు రజాయి, నీడలో గాలికి వేయాలి, ఎండ తగిలితే పట్టు పెళుసెక్కుతుంది. భర్తది పత్తిది, మధ్యాహ్నం తిరగేయాలి, కర్రతో బాదకూడదు, బాదితే పత్తి ఉండలు కడుతుంది, అరచేత్తో తట్టాలి. మూడు దాటకముందే తీయాలి, వేడి చల్లారాక మడవాలి. మరి తనది? ఇద్దరివీ అయ్యేసరికి కింద చోటుండదు, లేదా ఎండ ఎదుటి భవనం వెనక్కి జారిపోతుంది. మంచం ఒకటే అయినా ఎవరి రజాయి వాళ్ళదే. బడి వంటశాలలో ఆరు వందల పళ్ళేలు కడిగి ఇంటికొచ్చి, తను కప్పుకునేది చెమ్మ వాసన కొట్టే రజాయి. ఈ చలికాలం దానికి ఎండే తగల్లేదు. నిరుడు? నాలుగో అంతస్తు మలుపులో ఆగి లెక్క వేసుకుంది. నిరుడు కూడా తగల్లేదు.

గిరుక్కున వెనక్కి తిరిగి పైకెక్కింది. భర్త రజాయిని కుర్చీలో పడేసి తనది తీసుకుంది.

స్నేహితులతో మాజాంగ్ పలకల ఆటకు బయల్దేరుతూ బూట్లు కట్టుకుంటున్న యోంగ్‌షెంగ్ తలెత్తాడు. “అదేంటి, నీదా?”

“నాదే” అంది, ఒక్కో అడుగుకు రెండు మెట్లు దిగుతూ. ఒళ్ళంతా ఝల్లుమంటోంది, బడి ఎగ్గొట్టిన పిల్లలా.

రెండు చెట్ల మధ్య కట్టిన తాడు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ చోటంటే అందరికీ పోటీ, సాయంత్రం దాకా ఎండ ఉంటుంది. పక్కింటి పూ అక్క అటే వస్తుంటే రుయిఫెన్ ఆఖరి నాలుగడుగులూ పరుగెత్తి రజాయి పరిచేసింది.

“మీ అత్తగారిదా?” అంది పూ అక్క రొప్పుతూ.

“కాదక్కా. నాది.”

పూ అక్క ఆమె మొహంలోకి చూసింది. “అయితే సరే, నేను రెయిలింగు మీద వేసుకుంటాలే. ఎండలో కూర్చుని టీ తాగడానికి నదీతీరం టీ తోటకు వస్తావా? నువ్వెప్పుడూ రావు.”

పై కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “రుయిఫెన్, మావి ఇక్కడే ఉండిపోయాయే.”

“మీ అబ్బాయి ఉన్నాడుగా అత్తయ్యా.”

కాసేపటికి యోంగ్‌షెంగ్ దిగాడు, రెండు రజాయిలూ మెడ దాకా ఎత్తుకుని, ఒక కొస మెట్లను ఊడుస్తుండగా. మొహం కందిపోయింది. ఆడవాళ్ళంతా చూస్తున్నారు. “నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనా?” అన్నాడు పళ్ళ మధ్యనుంచి. పట్టు రజాయిని ఎండలో వేయబోయాడు.

“అది నీడలో.”

యోంగ్‌షెంగ్ దాన్ని నీడలో ఆరేశాడు. “మరి నాదానికీ చోటు కావాలి కదా. నీదిలా జరుపుతాను” అని ఆమె రజాయి అంచు పట్టుకుని ఎత్తాడు. ఆగిపోయాడు. మరో చేత్తో తన రజాయిని ఎత్తి చూశాడు. “నీది ఇంత బరువుందేంటి? రెండూ ఒకేసారి కొన్నాం కదా.”

“అది బరువు కాదు, చెమ్మ. రెండేళ్ళ చెమ్మ. దాన్నే కప్పుకుంటున్నాను.”

అతను ఆమె రజాయి అంచును ఉన్నచోటే వదిలాడు, తన రజాయిని తీసుకెళ్ళి గోడ మీద వేశాడు. కర్ర కోసం చుట్టూ చూశాడు.

“బాదకు. అరచేత్తో తట్టు” అంది రుయిఫెన్. “పన్నెండింటికి తిప్పు. మూడింటికి మూడూ తియ్యి. చల్లారాక మడిచి పెట్టు.”

“మరి నువ్వు?”

“పూ అక్కతో టీకి వెళ్తున్నాను” అంది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎండ మెడ మీద వెచ్చగా పడుతుంటే, చీకటి పడేదాకా ఇంటికి రాకూడదని గేటు దాటేలోపే నిశ్చయించుకుంది.