ఉగ్గుగిన్నెడు నీళ్ళు

నేను ఒక ఇత్తడి ఉగ్గుగిన్నెని. అరచేతిలో ఇమిడిపోతాను. ఒకవైపు పిట్ట ముక్కులాంటి మూతి, రెండోవైపు చిన్న సొట్ట. బుడితి అనే ఊళ్ళో ఒక ముసలి కంచరి నన్ను పోతపోసి, పసిబిడ్డ పెదవికి గరుకు తగలకూడదని నా మూతిని మళ్ళీ మళ్ళీ నునుపు చేశాడు. మీసాలొచ్చిన మనిషి కూడా దీంతోనే తాగుతాడని తెలిసుంటే అంత శ్రమపడేవాడు కాదేమో.

తవిటమ్మకు కొడుకు పుట్టినప్పుడు పుట్టింటి సారెతో పాటు ఉద్దానం వచ్చాను. ఆ కొడుకు లోకనాథం, మహా మొండిఘటం. వసకొమ్ము అరగదీసి పాలల్లో కలిపి పోస్తే సగం మింగి సగం ఉమ్మేవాడు. కోపమొస్తే నన్ను విసిరికొట్టేవాడు. సొట్ట వాడి పుణ్యమే. "ఒక్క గుక్క నాన్నా, ఒక్క గుక్క" అని తవిటమ్మ ఎంత బతిమాలినా అడుగున కాస్త మిగిల్చేవాడు. పారబొయ్యడానికి మనసొప్పక అది ఆమే తాగేసేది.

వాడు పెరిగాక నేను అటకెక్కాను. కింద ఏం జరుగుతోందో మాటల వల్లే తెలిసేది. తవిటమ్మ పెనిమిటికి కిడ్నీలు చెడ్డాయి, పోయాడు. లోకనాథం జీడిపప్పు కార్ఖానాలో పనికి కుదిరాడు. కొన్నేళ్ళకు తండ్రికిలాగే వాడి కాళ్ళూ వాచాయి. ఆ మాట విన్న రోజు తవిటమ్మ ఏడవలేదు. ఏడుపు మొగుడి దగ్గరే అయిపోయినట్టుంది.

వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒంట్లో చేరిన నీరు యంత్రమే తియ్యాలి గనక నీళ్ళు కొలిచి తాగాలన్నారు. గ్లాసుతో పోస్తే రెండు దఫాల్లోనే వాడి వాటా అయిపోయేది. అందుకని తవిటమ్మ నన్ను కిందికి దించి చింతపండుతో తోమింది. నాతో పోస్తే ఎక్కువసార్లు తాగినట్టు ఉంటుందని ఆమె ఆశ. ఒకప్పుడు ఇంకో గుక్క తాగమని వెంటపడిన మనిషే, ఇప్పుడు కొడుకు ఇంకో గుక్క అడిగితే మొహం తిప్పుకోవాల్సి వచ్చింది. మనుషుల బతుకు నాకెప్పుడూ సరిగ్గా అర్థం కాదు.

అంతలో కరోనా వచ్చింది. బస్సులు ఆగాయి. డయాలసిస్ సెంటర్లో పనిచేసేవాళ్ళు కొందరు మంచాన పడ్డారు. మూడుసార్లు జరిగేది రెండుసార్లయింది. యంత్రం తగ్గితే నీళ్ళూ తగ్గాలి. అసలే ఎండాకాలం. లోకనాథం నీళ్ళు పుక్కిలించి ఉమ్మేవాడు. నా అడుగుని నాలుకతో తుడిచేవాడు. పక్కింటి బోరింగు చప్పుడైతే మాట ఆపి వినేవాడు. వాడి బంధువులు మాత్రం "ఇంటి పట్టునే ఉన్నావు, హాయిగా ఉన్నావు" అని ఫోన్లు చేసేవాళ్ళు.

ఆ రోజుల్లో ఊరు ఊరంతా కషాయం తాగింది. ఆసుపత్రికి పోయొచ్చే కొడుకు గదా అని తవిటమ్మకు మరీ బెంగ. మిరియాలు, శొంఠి, తులసి మరిగించి పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం పట్టేది. దేంతో? నాతోనే, పూటపూటకీ మళ్ళీ మళ్ళీ నింపి. పసివాడప్పుడు నాలో పోసిందల్లా మందే. ఇప్పుడు పోసిందీ మందే అనుకుంది. నీళ్ళకే లెక్క, మందుకు లెక్కేమిటి? లోకనాథానికి తెలుసు, ఏది తాగినా లెక్కలోకే వస్తుందని. తెలిసీ కిమ్మనలేదు. అంత దాహం వాడిది.

కషాయం మొదలెట్టిన నాలుగో రోజుకి లోకనాథానికి ఆయాసం పట్టుకుంది. తవిటమ్మ ఎప్పటిలాగే నన్ను సంచిలో వేసుకుంది. తన అన్న కొడుకు బండి మీద మధ్యలో వాడిని కూర్చోబెట్టుకుని సెంటర్‌కి తీసుకెళ్ళింది. గేటు దగ్గర మనిషి దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆయాసమున్నోల్లని లోపలికి పంపొద్దన్నారమ్మా. కరోనా పరీక్ష చేయించుకుని రండి. రెండ్రోజుల్లో చెప్తారు."

"రెండ్రోజులేటి బాబూ! ఇప్పుడే సూడు, ఊపిరాడ్డం లేదు గుంటడికి!"

అరుపులు విని నర్సు హైమావతి బయటికొచ్చింది. వాడి కాళ్ళు నొక్కి చూసింది. వేలు పడ్డచోట గుంట అలాగే ఉండిపోయింది.

"నీళ్ళెక్కువ పట్టేవా పిన్నీ?"

"లేదమ్మా, దీంతోనే కొలిసి పోసినాను. ఒట్టు!" అని నన్ను పైకెత్తి చూపించింది.

"ఇంకేమీ పట్టలేదా?"

"కసాయం ఒక్కటే. అది నీల్లేటమ్మా? మందు కాదేటి?"

హైమావతి లోపల్నించి తూకం మిషను తెప్పించి గేటు దగ్గరే వాడిని నిలబెట్టింది. డాక్టరుకి ఫోన్ చేసి, "ఒంట్లో నీరు బాగా చేరింది సార్, ఆయాసం దాంతోనే అనుకుంటున్నాను" అంది. పరీక్షకు నమూనా తీసుకుని, విడిగా ఒక మూల మంచం మీద, పొద్దుటి వాళ్ళందరూ వెళ్ళాక యంత్రం పెట్టడానికి ఆయన ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఆక్సిజన్ పెట్టారు.

తవిటమ్మ ప్రహరీ నీడలో కూర్చుంది. ఎండ నెత్తి మీదికొచ్చింది, దిగింది. ఎవరో నీళ్ళ సీసా ఇస్తే పక్కన పెట్టేసింది. "నా సేతుల్తో నానే పోసినాను" అని అప్పుడప్పుడు నాతో అనేది. జవాబు చెప్పడానికి నాకు మూతి ఉంది గానీ మాట లేదు.

పొద్దుగూకే వేళకి వాడు గోడ పట్టుకుని నడిచొచ్చాడు. మొహం పీక్కుపోయింది గానీ ఊపిరి నిమ్మళంగా ఉంది. ఆమె తలెత్తలేదు.

"అమ్మా, నీల్లు పొయ్యి."

పక్కనున్న సీసా మూత తీసి నన్ను నింపింది. నాలుగు చుక్కలు మట్టిలో పడ్డాయి. వాడు మెల్లగా, ఒక్కో చుక్కా నోట్లో నిలుపుకుంటూ తాగాడు.

"కసాయం సంగతి నాకెరికేనమ్మా. దాహమేసి తాగినాను. నువ్వేటీ సెయ్యలేదు."

తర్వాత నన్ను నాలుకతో తుడవలేదు. అడుగున ఒక గుక్క మిగిల్చి ఆమె చేతికిచ్చాడు.

"పొద్దుట్నుంచీ నువ్వేటీ తాగలేదు గదా. తాగు."

తవిటమ్మ తాగింది.