మైకక్క

మైకు మీద చిటికెన వేలితో రెండుసార్లు తట్టి, "గేటుకు అడ్డంగా ఉన్న తెల్ల కారు తీయండి" అని చెప్పి ఆమె మీట నొక్కేసింది. ఆ ఇండోర్ స్టేడియం గాజు గదిలో ముప్పై రెండేళ్ళుగా ఆమె పని అదే: తప్పిపోయిన పిల్లలు, దొరికిన గొడుగులు, ఆటగాళ్ళ పేర్లు. ఊళ్ళో సగం మందికి ఆమె గొంతు తెలుసు, మొహం ఎవరికీ తెలియదు. పనివాళ్ళకు ఆమె మైకక్క. తల్లి పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. సోమవారం పొద్దున మొదటి మాట ఎప్పుడూ బొంగురుగానే వస్తుంది.

ఆ రోజు బడిపిల్లల రోబోల పోటీ. "జట్టు పేరు, అంకె. అంతే చదవండి మేడమ్" అన్నాడు నిర్వాహకుడు. అంతే చదివింది. తెర మీద అంకెలు మారుతున్నాయి, జనం బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు.

మధ్యాహ్నం ఒక ముసలావిడ గాజు తలుపు తట్టింది.

"అమ్మాయ్, ఆ నీలం రోబో బండి మా మనవరాలిది. గెలిచిందా, ఓడిందా? చప్పట్లు కొట్టాలా వద్దా?"

మైకక్కకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. తనకూ తెలియదు. భోజనం మానేసి, న్యాయనిర్ణేత పక్కన కూర్చుని అడిగి తెలుసుకుంది.

ఆఖరి పోటీ మొదలవగానే మైకు అందుకుంది. "బుట్టలో పడ్డ బంతికి ఒకటి. గంట కొట్టేసరికి పైనున్న కమ్మీ పట్టుకుని వేలాడితే పది. ఒక్క చక్రం నేలకు తగిలినా ఆ పదీ పోయినట్టే."

కింద నిర్వాహకుడు వద్దని చెయ్యి ఊపాడు. ఆమె చూడనట్టే ఊరుకుంది.

ఎర్ర బండి పద్నాలుగు బంతులు వేసింది. నీలం బండి ఆరు వేసి ఆగిపోయింది. ఎవరో "చచ్చిందిరా!" అని నవ్వారు.

"చావలేదు, ఎక్కబోతోంది. ముందు చక్రాలు లేచాయి... వెనకవి ఇంకా నేలమీదే ఉన్నాయి. కాస్త ఊపిరి బిగబట్టండి."

హాలంతా బిగబట్టింది.

"లేచాయి! గంటా కొట్టేసింది! ఆరూ పదీ పదహారు. ఎర్రవాళ్ళకి పద్నాలుగే!"

హాలు దద్దరిల్లిపోయింది. ముసలావిడ మనవరాలిని పొదువుకుని, పైకప్పుకు వేలాడే లౌడ్‌స్పీకరు వైపు తలెత్తి రెండు చేతులూ జోడించింది. గాజు వెనక మైకక్క కూడా, ఎవరూ చూడకపోయినా, చేతులు జోడించింది.

ఆమెకు అదే ఆఖరి రోజు. రేపటి నుంచి ప్రకటనలన్నీ రికార్డు చేసినవే. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. తాళంచెవి కొక్కేనికి తగిలించి బయటికి నడిచింది.

"రేపెన్నింటికొస్తావు మైకక్కా?" అన్నాడు వాచ్‌మన్, కార్లకు దారి చూపిస్తూ.

"రేపు రాను" అంది.

హారన్ల మోతలో అతనికి వినబడలేదు. ఆమె రెండోసారి చెప్పలేదు.

గాజు గదిలో కుర్చీ వీపుకు ఒక బూడిదరంగు స్వెట్టరు ఉండిపోయింది, బల్ల అంచుకు రాసుకుని రాసుకుని మోచేతుల దగ్గర పలచబడి.