ఆకుపచ్చ కెపాసిటర్

గిటార్ వాయించేవాళ్లు కాలితో నొక్కగానే తీగ గొంతు మార్చేసే చిన్న పెట్టెలుంటాయే, పెడళ్లు, వాటిని నేను చేత్తో తయారు చేస్తాను. నెలకు పన్నెండు, అంతే. టంకం పెట్టడం నాది, డబ్బాలకు రంగులేసి ప్యాక్ చేయడం మా ఆవిడది. లోపలి పని జోలికి ఆమెను రానిచ్చేవాణ్ని కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

రెండేళ్ల క్రితం పెడళ్లు వరసగా తిరిగొచ్చాయి. "చెవులు కోసేస్తోంది" అని అందరిదీ ఒకటే పాట. నాకేమో మొద్దుగా వినిపించేది. సరుకు నాసిరకమని కెపాసిటర్ల షాపువాణ్ని దులిపేశాను. ఆ మొద్దుతనం పోవాలని ఇంకా చిన్న కెపాసిటర్ వేశాను. అది ఎంత చిన్నదైతే శబ్దం అంత పదునెక్కుతుంది. కొన్నాళ్లకు ఫిర్యాదులు ఆగిపోయాయి. చూశారా, తప్పు నాది కాదని కాలరెగరేశాను.

మొన్న ఒక గిటారిస్టు తన పెడల్ పట్టుకొచ్చాడు. స్విచ్ పట్టేసిందట.

"మీ చేతిలోంచి వచ్చినవాటిలో ఇదే బెస్టు, మాస్టారూ. పైస్వరాలు గాజులా మోగుతాయి గానీ ఎక్కడా గుచ్చుకోవు. ఇలాంటివే ఇంకో రెండు కావాలి."

పొంగిపోతూ వెనక మూత విప్పాను. నేను పెట్టిన చిన్న ఎర్ర కెపాసిటర్ లేదు. ఆ చోట పెద్ద ఆకుపచ్చది ఉంది, నేనెప్పుడో మానేసిన రకం. టంకం ముద్దముద్దగా అంటుకుని ఉంది. అలవాటు లేని చేతి పని.

"ఎవరు చేశారిది?" ఇల్లు దద్దరిల్లేలా అరిచాను.

మా ఆవిడ రంగు బ్రష్షు కింద పెట్టింది. "నేనేనండీ. ఏడాదిన్నర నుంచీ, ప్యాక్ చేసే ముందు మారుస్తున్నా. పాత పెట్టెలో మిగిలినవే."

"అన్నింటికీనా?"

"అన్నింటికీ."

"నీకేం తెలుసని?"

"పొద్దున్నే మీ వాచీ అలారం కీచుమని మోగుతూనే ఉంటుంది, మీరు ఆపరు. బద్ధకమనుకున్నా. ఒకరోజు తీసుకెళ్లి మీ చెవి పక్కనే పట్టుకున్నా. మీరు పేపరు చదువుకుంటూనే ఉన్నారు. ఎలా చెప్పమంటారు?"

గిటారిస్టు తల దించుకున్నాడు. నేను స్విచ్ మార్చి, వాయించమన్నాను. వాయించాడు. ఆ గాజుమోత అతని ముఖంలో కనిపించింది, మా ఆవిడ ముఖంలో కనిపించింది, నా చెవి దాకా మాత్రం రాలేదు. ముప్పై ఏళ్లు నేను బతికింది దాని కోసమే. పరాయివాడి ముందని కూడా చూసుకోకుండా ఏడ్చేశాను. ఆమె నా వెన్ను మీద చెయ్యి వేసి నిలబడింది.

పెడల్ సంచిలో పెట్టుకుని అతను వెళ్లబోతుంటే పిలిచాను.

"నీ రెండూ అమ్మ చేస్తుంది బాబూ. నాకు వినబడదు."