వరండాలో క్రిస్మస్

నేను ఒక చక్రాల స్ట్రెచర్‌ని. విజయవాడలో ఒక వెల్డింగు షెడ్డులో ఇనుప గొట్టాలు అతికి, చక్రాలు బిగించి, ఈ పట్నం ప్రభుత్వాసుపత్రికి లారీలో పంపారు. మంచానికి కాళ్ళిచ్చిన మనుషులు నాకు చక్రాలిచ్చారు. అందుకే నిలకడ ఎరగను. గేటు నుంచి వార్డుకి, వార్డు నుంచి ఎక్స్‌రే గదికి, ఒక్కోసారి వెనక తలుపుకి. ఎక్కేటప్పుడు ప్రతివాళ్ళూ నా అంచు గట్టిగా పట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పిలుస్తారు. దిగాక నావైపు తిరిగి చూడరు. ఇప్పుడు పాతసామాన్ల షెడ్డులో పడి ఉన్నాను. గాలి వీస్తే చాలు, తుప్పు పట్టిన చక్రం ఎటో పోదామని కదులుతుంది. అలా కదిలినప్పుడల్లా ఒక క్రిస్మస్ రోజు గుర్తొస్తుంది.

అది విషజ్వరాల ఏడు. పండగనాడు పొద్దున్నే ఒక ఆటో అతను ముసలాయన్ని దించి, "ఇటుకబట్టీ పక్కన రోడ్డు మీద పడున్నాడండీ. ఎవరో ఏంటో తెలీదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. లోపల మంచాలన్నీ నిండి ఉన్నాయి. సెలైను ఎక్కించి, ఆయన్ని నా మీదే ఉంచి వరండాలోకి నెట్టారు. తలుపుకి అడ్డమని అటు నెట్టారు, మెట్లకి అడ్డమని ఇటు నెట్టారు. ఆయన చలిజ్వరంతో వణుకుతుంటే నా చక్రాలూ గడగడలాడాయి.

రాత్రి డ్యూటీ దిగిన సిస్టర్ వినోలియా అప్పటికే తెల్ల పట్టుచీర కట్టుకుని చర్చికి బయల్దేరింది. పండగ ఆరాధనలో ఇంట్లోవాళ్ళ పక్కన కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలీదు. పైగా కూతురు హెప్సిబా అక్కడ ఏసు పుట్టుక నాటకంలో వేషం వేస్తోంది. వెళ్తూ వెళ్తూ సెలైను గొట్టం సరిచెయ్యబోతే ముసలాయన కొంగు పట్టుకున్నాడు.

"ఎల్లిపోతన్నావేటమ్మా?"

"వేరే సిస్టర్ వచ్చింది తాతా. ఆవిడ చూసుకుంటుంది."

వచ్చిన సిస్టర్ ఒక్కతే. వార్డు నిండా జ్వరాలు. ముసలాయనేమో జ్వరం తలకెక్కి మాటిమాటికీ దిగిపోబోతున్నాడు. నాకు ఒక పక్క అడ్డుకమ్మీ ఎప్పుడో ఊడిపోయింది. పట్టుకునే మనిషి లేకపోతే కిందపడతాడు. కాసేపు చూసి పోదామని వినోలియా ఆగింది.

చర్చి గంట మోగింది. ఆమె గుమ్మం వైపు చూసింది. ఫోను మోగింది. భర్త ప్రభుదాసు.

"నాటకం మొదలెడుతున్నారు. పాప నీకోసమే చూస్తోంది."

"ఇక్కడ ఒకాయన ఉన్నాడండీ..."

"ఎవరు?"

"తెలీదు."

ఫోను పెట్టేసి, "ఈ ఒక్కరోజూ నన్నొదిలెయ్యకూడదా తాతా!" అని ఆయన మీద కసురుకుంది. కసిరిన నోటితోనే మంచినీళ్ళు తాగమని బతిమాలింది. ఆయన తాగింది తాగినట్టు పట్టుచీర మీద కక్కాడు. వినోలియా గోడవైపు తిరిగి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ గ్లాసు అందుకుంది.

మధ్యాహ్నం ప్రభుదాసు క్యారేజీతో వచ్చాడు. వెనకే హెప్సిబా. నెత్తిన తలపాగా, మూతి మీద బొగ్గుతో దిద్దిన మీసం. నిండుచూలాలైన మరియమ్మనీ యోసేపునీ చోటు లేదని గుమ్మంలోంచే పంపేసే సత్రం యజమాని వేషం ఆ పిల్లది. అమ్మ చూడలేదన్న కోపంతో వేషం తీయకుండానే వచ్చేసింది.

"ప్రతి పండక్కీ ఇంతేగా! అసలు ఈయనెవరు నీకు?"

"పేరైనా తెలీదే."

"పేరు తెలీనోళ్ళ కోసం మమ్మల్ని ఒదిలేశావా?"

ఆ అరుపుకి ముసలాయన కళ్ళు తెరిచాడు. తలపాగా చూశాడు, మీసం చూశాడు. ఎవరో పెద్దమనిషి అనుకున్నాడు. దణ్ణం పెట్టబోతే సూది ఉన్న చెయ్యి లేవలేదు.

"బాబూ, ఒళ్ళు బాగోనేదు. ఈ పూటకి కూసింత సోటిప్పించండి బాబూ. తెల్లారి ఎల్లిపోతాను."

హెప్సిబా నెత్తిన తలపాగా తడుముకుంది. ఆ చేత్తోనే నా అంచు పట్టుకుంది.

"ఉంది తాతా. చోటుంది" అంది. "నీ పేరేంటి?"

"సింవాచలం, బాబూ."

ఆ పిల్ల తలపాగాతోనే విసవిసా వార్డులోకి వెళ్ళింది. "ఇవాళ ఇంటికెళ్ళేవాళ్ళు ఎవరన్నా ఉన్నారాండీ?" అని గట్టిగా అడుగుతుంటే జ్వరాల్లో కూడా జనం ఆ మీసం చూసి నవ్వారు. డిశ్చార్జి అయినా సాయంత్రం బస్సు కోసం మంచం మీదే కూర్చున్న ఒకామె, "నేను బల్ల మీద కూర్చుంటాలే అమ్మా" అని లేచింది. తండ్రీకూతుళ్ళు సింహాచలాన్ని ఎత్తి ఆ మంచం మీద పడుకోబెట్టారు. కొన్నాళ్ళకి ఆయన కోలుకుని, తన కాళ్ళ మీదే నడిచి వెళ్ళాడు.

వినోలియా నన్ను డెట్టాలుతో తుడిచి పేపరు పరిచింది. ప్రభుదాసు క్యారేజీ విప్పి రెండు ముక్కల్లో ప్రార్థన చేశాడు. నా చుట్టూ నిలబడి కోడిపలావు తిన్నారు. అప్పటిదాకా నామీద కన్నీళ్ళు పడ్డాయి, నెత్తురు పడింది. అన్నం పెట్టుకోవడం అదే మొదలు.

"ఏదీ, నాటకంలో నీ మాటలు చెప్పు. వింటాను" అంది వినోలియా.

హెప్సిబా గొంతు సవరించుకుంది. వార్డు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "వద్దులే అమ్మా. వచ్చే ఏడు వేరే వేషం ఇమ్మంటాను."

వినోలియా తడిదూదితో ఆ మీసం తుడుస్తూ ఉండగా గేటు దగ్గర ఇంకో ఆటో ఆగింది. "స్ట్రెచర్! స్ట్రెచర్!" అని కేకలు. ప్రభుదాసు గబగబా గిన్నెలు తీసేశాడు. మెతుకులు దులపడానికి కూడా వ్యవధి లేకుండా నన్ను తోశారు. ముందు పట్టుచీరలో వినోలియా, వెనక సగం మీసంతో హెప్సిబా.