బియ్యం నిండుకున్నయి

పొద్దుగూకంగనే శివమ్మ పొయ్యి రాజేసి బియ్యం కుండలో చెయ్యి పెట్టేది. అడుగు తగిలితే "బియ్యం నిండుకున్నయి" అనేది. కుండ నిండేది. ఆమె కావలసినన్ని తీసి, చాటలో పోసుకుని రాళ్లేరుకునేది. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆ ఇంటి సంగతి అందరికీ తెలుసు.

ఇంట్లో గింజలు అయిపోయినా ఒడిసినయి అనకూడదని శివమ్మకు అత్త నేర్పింది. ఆడవాళ్లంతా అట్లానే అంటారు కదా. ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగి, రోడ్డు పక్కన టార్పాలిన్ కింద బతికిన రోజుల్లో, మనవరాలు సుచిత్ర ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయిననాడు కూడా శివమ్మ ఆ మాటే అంది. మనకైతే లేవని అర్థం. కుండకు ఎవరు చెప్పాలి పాపం, నిండమన్నారనుకుని నిండింది. ముంపు ఊరి పిల్లలంతా ఆ కుండ బువ్వ తినే ప్రాణాలతో మిగిలారు.

రెండువేల రెండులో వాళ్లకు ఇక్కడ ఇళ్లిచ్చారు. పిల్లలు ఒళ్లు చేస్తుంటే తల్లులు మురిసిపోయారు. మురవరా మరి? ఈతకు వాగు లేదు, వెంట ఉరకడానికి తమ మేకలు లేవు. చుట్టూ ప్లాట్ల గోడలు, కొట్లో చిప్స్ పొట్లాలు, పూట పూటకూ శివమ్మ వడ్డించే తెల్లబువ్వ. తొమ్మిదేళ్ల సుచిత్రకు మెట్టెక్కితే ఆయాసం. పిల్ల చాలన్నా శివమ్మ గంటె ఆగేది కాదు.

మేడ్చల్ డాక్టరు, ఇట్లాగే తింటే ఈ వయసులోనే షుగరొస్తుందని మందలించాడు. కొడుకు యాదగిరి తల్లి పక్కన కూలబడ్డాడు.

"అమ్మా, గా మాట ఇగ బంద్ జెయ్యే."

"మల్ల మనల్ని లేపితే? మల్ల రోడ్డు మీద పడితే పిల్లకేం పెట్టాలె?"

యాదగిరికీ అదే భయం.

ఆ వారంలోనే సుచిత్ర బడి నుంచి వస్తూ దారిలో ఊపిరాడక కూర్చుండిపోయింది. ఆ ఊళ్లోనే పుట్టి మేకలు కాసుకునే పక్కింటి ఈదమ్మ చూసి, ఆటో ఆపి, ఇంటికి తెచ్చి పడుకోబెట్టింది. పిల్ల ఛాతీ ఎగిరెగిరి పడుతుంటే శివమ్మ కొంగుతో విసిరింది. ఆకలికి పోకుండా కాపాడుకున్న పిల్లను బువ్వతోనే చంపుకుంటానా అని ఏడ్చింది.

ఈదమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, మా ఇంట్ల పొయ్యి మండినన్ని రోజులు మీ పిల్ల ఉపాసం ఉంటదా? ఇది నీ ఊరే. ఎవ్వలు లేపుతరో నేను జూస్త."

శివమ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి కుండ దగ్గరికి పోయి రెండు చేతులూ జోడించింది.

"మమ్మల్ని బతికిచ్చినవ్ తల్లీ. నీ రుణం తీరది. ఇగ ఒడిసినయి."

కుండ ఊరుకుంది. ఇప్పటికీ ఉత్త కుండే.

మర్నాటి నుంచి ఈదమ్మ సాయంత్రాలు తన మేకల వెంట పిల్లలను చెరువు గట్టుకు తోలుకుపోయేది. శివమ్మ జొన్నరొట్టెలకు మళ్లింది. కొన్ని నెలలకు, ఒకనాడు సుచిత్ర చెమటలు కక్కుతూ, కాళ్లనిండా దుమ్ముతో ఉరికొచ్చి గడపలో నిలబడింది.

"అవ్వా, ఆకలైతాంది."

టార్పాలిన్ కింద ఆ మాట వింటే శివమ్మ చెవులు మూసుకునేది. ఇప్పుడు పిల్లను దగ్గరికి లాక్కుని, "మల్లొక్కపారి అను బిడ్డా" అంది.