గాలి ఎక్కడ మూయాలి

నరసరావుపేటలో ఆయిల్ ఇంజన్ల మెకానిక్ ఖాదర్ వలి పేరు చెబితే చాలు, మొండికేసిన ఇంజన్లు వాటంతట అవే స్టార్టయ్యేవని చెప్పుకునేవారు. అది అబద్ధమే అనుకోండి, కనీసం ఒకసారి దగ్గేవి. అటువంటి మనిషి ఎనభై ఆరు ఎండాకాలంలో నోరు తెరవడానికి భయపడ్డాడు.

ఎడమ బుగ్గ లోపల, ముప్పై ఏళ్ళుగా చుట్ట ఉండే చోట, రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ కనబడింది. ఇంజను హెడ్డుకు మసి పడితే ఏం చేస్తాడో దీనికీ అదే చేశాడు. బ్లేడుతో గీకాడు. నెత్తురొచ్చింది, మచ్చ పోయింది. వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి అంచు గట్టిపడి. మళ్ళీ గీకాడు. మూడోసారి వచ్చేసరికి తీసిన బ్లేడు మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

ఆ వారమే హైదరాబాదు నుంచి జీవరత్నం అనే సైంటిస్టు వచ్చింది. చుట్ట తాగేవాళ్ళ నోళ్ళు చూసి, మచ్చ ఉన్నచోట బియ్యపుగింజంత ముక్క తీసి ఐసు ఫ్లాస్కులో వేసుకుంటోంది. ఆ గింజంత ముక్క కబురు బజారు చుట్టివచ్చేసరికి పూర్తి దవడైంది. ఖాదర్ వలి ఆ మాట నమ్మలేదు, అయినా షెడ్డు తలుపేసుకున్నాడు. భార్య హజ్రా బీ ఆమెను షెడ్డుకే వెంటబెట్టుకొచ్చింది.

"తెరువయ్యా నోరు! నా మీద అరవటానికైతే బాగానే తెరుస్తావుగా!"

తెరిచాడు. టార్చి వేసి చూసిన జీవరత్నం ముఖంలో నవ్వు పోయింది. "దీన్నేం చేశారు బాబాయ్?"

"మసి అనుకోని గీకానమ్మా."

"గాయమైనప్పుడల్లా పెరగమని కణాలకు ఆర్డరు పోతుంది. పూడాక చాలని ఇంకో ఆర్డరు పోవాలి. ఆర్డర్లిచ్చేవి జన్యువులు. వాటిని అదుపులో ఉంచే ఏర్పాటూ లోపలే ఉంటుంది. క్యాన్సర్లో ఆ అదుపు తప్పుతుంది. ఎక్కడ తప్పుతుందో చూడటమే నా పని."

"అంటే గవర్నర్ ఇరిగినట్టు. ఇంజను స్పీడు మీరకుండా పట్టుకునేది అదేనమ్మా."

అంటూనే అతనికి పాత సంగతి గుర్తొచ్చింది. రొంపిచెర్లలో అలా ఒక ఇంజను గవర్నర్ విరిగింది. డీజిల్ కట్టేసినా ఆగలేదు. తన కడుపులోని ఆయిల్ తానే తాగుతూ అరిచింది. చక్రం పగిలి ముక్క ఎగిరింది. ఆ కథ చెప్పినప్పుడల్లా ముక్క ఇంకో చేను దాటి పడేది. కిందటేడాదికి ఏడో చేనుకు చేరింది. ఆ రోజు మాత్రం, "పక్కనే పడిందమ్మా, గట్టు కూడా దాటలా," అన్నాడు.

హజ్రా బీ భర్త ముఖంలోకి చూసింది. ఆమెకూ అప్పుడే భయమేసింది.

"ఆ ఇంజను గాలి పీల్చేకాడ తడి గోతం కుక్కి ఆపా. దీనికి యాడ కుక్కాలమ్మా?"

"ఆ చోటే వెతుకుతున్నా బాబాయ్."

"దొరికిందా?"

"ఇంకా లేదు. నేను తీసే ముక్కతో మీకు నయం కాదు. ఆపరేషన్ చేసేవాళ్ళు గుంటూరులో ఉన్నారు. రేపే వెళ్ళండి. ముక్క ఇవ్వకపోయినా సరే, వెళ్ళండి."

ఖాదర్ వలి బల్ల మీది రెంచీలు పక్కకు జరిపాడు.

"తీసుకోమ్మా. యాడ ఇరిగిందో చూడు," అని బల్ల అంచు పట్టుకుని నోరు తెరిచాడు.

ఆమె వెళ్ళిపోయాక హజ్రా బీ షెడ్డు తాళంచెవి చేతికి తీసుకుంది. "పొద్దున్నే మొదటి బస్సుకి పో. షెడ్డు నేను చూసుకుంటాలే."

ఖాదర్ వలి నోట్లో దూది ఉంది. మాట సరిగా రాలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఏ పనికీ ఆమెను తోడు పిలవని మనిషి ఆమె కొంగు చివర పట్టుకున్నాడు.

"షెడ్డుకి తాళం ఎయ్యవే. నువ్వూ రా."